అత్తయ్య గదిలో వెచ్చటి నేల

ఆ చలికాలం మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు తగ్గాయి. జరిగిందంతా అక్కడే మొదలైంది.

అంతకుముందు ఏటా చలి ముదిరేసరికి ఆవిడ మంచం దిగడమే ఓ పెద్ద పని. పట్టె పట్టుకుని లేవడం, కూలబడటం, మళ్లీ లేవడం. ఆ మధ్యలో నన్నూ, మా ఆయన్నూ, ఎప్పుడో పోయిన మామయ్యనూ వరసపెట్టి తిట్టడం. అలాంటి మనిషి ఆ ఏడు ఓ పొద్దున్నే తనంతట తనే నడిచొచ్చి వంటింటి గడపలో నిలబడి, "అమ్మాయ్, టీ పెట్టావా?" అంది. నేను చేతిలో గిన్నె జారవిడిచినంత పని చేశాను.

"కొత్త మందేమైనా వేసుకున్నారా అత్తయ్యా?"

"మందూ లేదు, మాకూ లేదు. రాత్రి మంచం మీద చలికి తాళలేక కింద పక్క వేసుకున్నాను. నేల ఎంత వెచ్చగా ఉందనుకున్నావు! ఇటు రా, చూద్దువుగాని."

వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. నిజమే. మిగతా ఇల్లంతా అడుగు పెడితే జివ్వుమనే సిమెంటు నేల. ఆవిడ గదిలో మాత్రం, వెనక గోడ వైపు, అప్పుడే ఎవరో కూర్చుని లేచిపోయినట్టు వెచ్చగా ఉంది.

"చూశావా? కన్నకొడుక్కి లేని జాలి భూమితల్లికి ఉంది," అంది అత్తయ్య. అప్పుడే లేచి మొహం కడుక్కుంటున్న కన్నకొడుకు వినీ విననట్టు ఇంకో దోసెడు నీళ్లు మొహాన కొట్టుకున్నాడు. ఆ రోజే ఆవిడ మంచాన్ని గోడకు నిలబెట్టించేసింది. మా అమ్మాయి కూడా తన దుప్పటి ఈడ్చుకుంటూ వెళ్లి నానమ్మ పక్కలో చేరింది. దానికప్పుడు ఆరేళ్లు. పొద్దున కళ్లు తెరిచింది మొదలు పడుకునేదాకా నోరు మూతపడదు కనక అందరూ దాన్ని రేడియో అనేవాళ్లు. బడిలో పంతులమ్మ కూడా అలాగే పిలిచేది.

మేముండేది మూతపడిన బొగ్గు గని పక్కన, పాత క్వార్టర్ల వరసలో. ఒకప్పుడు ఆ వరసలో ప్రతి గుమ్మం ముందూ చెప్పులు కుప్పగా పడి ఉండేవి. గని మూసేశాక ఒక్కో కుటుంబమే సామాన్లు లారీకెక్కించుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎవరెవరో వచ్చి తలుపులూ కిటికీలూ ఊడబీక్కుపోయారు. చివరికి మనుషులున్న ఇల్లు మాదొక్కటే మిగిలింది. మా ఆయన్ని కంపెనీ వాళ్లు సైట్ ఇన్‌ఛార్జిగా ఉంచారు. పేరు గొప్పే గానీ, ఆయన చేతికింద ఉన్నది ఇద్దరు వాచ్‌మన్లు, ఒక నీళ్ల పంపు, ఒక తాళాల గుత్తి. రూలు ప్రకారం మేమూ టౌన్‌కి మారిపోవాలి. మనిషి అక్కడే ఉంటే తనకు తేలికని మేనేజరు, "ఉండండి, నేను చూసీచూడనట్టు ఊరుకుంటాను," అన్నాడు. వాకిట్లో కుళాయి, చుట్టూ కావలసినంత చోటు. మేమూ ఊరుకున్నాం.

మా ఆయన మంచివాడే, కాకపోతే భయస్థుడు. మేనేజరు నుంచి ఫోన్ వస్తే ముందు లేచి నిలబడి, ఆ తర్వాత ఎత్తే రకం. చలి బాగా పట్టిన రోజుల్లో అలా నిలబడే ఓ కబురు విన్నాడు. మూసేసిన గనిని కంపెనీ సరిగ్గా సర్దిందో లేదో చూడటానికి పర్యావరణం ఆఫీసు నుంచి ఇనస్పెక్టరు వస్తోంది. తవ్విన గుంటలో నిలిచిన నీళ్లు, మట్టి దిబ్బల మీద నాటిన చెట్లు, పాత సొరంగాల నోళ్ల చుట్టూ కంచె, ఇవన్నీ చూస్తుంది. ఆమె సరేనంటే గని గొడవ కంపెనీకి తీరిపోయినట్టే. అది తీరాక మా ఆయన్ని సిటీలో హెడ్డాఫీసుకి తీసుకుంటానని మేనేజరు మాటిచ్చాడు.

"హెడ్డాఫీసంటే లిఫ్టుంటుందా నాన్నా?" అంది రేడియో.

"ఉంటుంది."

"నేను ఎక్కొచ్చా? ఊరికే పైకీ కిందికీ వెళ్లొచ్చా? లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఎవరిని పిలవాలి?"

మా ఆయన ఆ రోజు నుంచి ఇంటి పట్టున లేడు. అన్యాయంగా అనడం ఎందుకు, పని నిజంగానే చేశాడు. పూడిపోయిన కాలవలు తీయించాడు. తెగిన కంచె కట్టించాడు. ఎండిన మొక్కల చోట కొత్తవి నాటించి నీళ్లు మోయించాడు. అంతటితో ఆగక దారి పొడుగునా రాళ్లకు సున్నం కూడా కొట్టించాడు.

"రాళ్లు తెల్లగా ఉంటే పర్యావరణం బాగుపడుతుందటండీ?" అన్నాను.

"నీకు తెలీదులే. తెల్లగా కనిపిస్తే చూసేవాళ్ల మనసు కాస్త మెత్తబడుతుంది."

ఆ హడావిడిలో ఉండగానే అత్తయ్యకు తలపోటు మొదలైంది. పొద్దున్నే లేచొచ్చి, టీ కూడా అడగకుండా, గుమ్మంలో తల పట్టుకుని కూర్చునేది. ఎండపొడలో కాసేపు కూర్చుంటే తగ్గేది. "మోకాళ్లు వదిలిన నొప్పి తలకెక్కింది. ఎక్కడో చోట ఉండాలిగా అది," అని తనకు తనే వైద్యం చెప్పుకునేది. చలిగాలి తగిలి వస్తోందేమోనని కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కించుకుంది కూడా. తర్వాత రేడియో వంతు. బడికి బయల్దేరే వేళకు కడుపులో తిప్పుతోందనేది. ఒకటి రెండుసార్లు వాంతి చేసుకుంది. సాయంత్రం బడి నుంచి మాత్రం గెంతుకుంటూ వచ్చేది. బడి ఎగ్గొట్టే వేషాలని మా ఆయన, జలుబని నేను అనుకున్నాం.

ఇంటి వెనక, అత్తయ్య గది గోడకు కాస్త ఎడంగా, నేల సన్నగా బీట వేసింది. పొద్దున పూట అందులోంచి ఆవిరి లేచేది. చుట్టూ గడ్డి మాడి గోధుమ రంగుకి తిరిగింది. నేను పొగమంచు అనుకున్నాను. మా ఆయన వంగి వాసన చూసి మొహం ముడిచాడు.

"ఏంటండీ అది?"

"ఏం లేదు. అవతలి గుట్ట కింద పాత బొగ్గు ఎప్పట్నుంచో రగులుతూనే ఉంది కదా. దాని సెగ ఇటొచ్చినట్టుంది." ఫోన్ తీసి, నిలబడి, మేనేజరుతో మాట్లాడాడు. వచ్చి పార అందుకున్నాడు. "మట్టి కప్పేయమన్నారు. తనిఖీ కానివ్వు, తర్వాత చూద్దామన్నారు."

బంకమట్టి తెప్పించి, తనే కప్పి, కాలితో గట్టిగా తొక్కి, చుట్టూ సున్నం కొట్టిన రాళ్లు పేర్చాడు. చూడ్డానికి చిన్న పూలమడిలా తయారైంది. ఇంకేం, రెండు బంతి మొక్కలు పెడితే సరిపోతుందని నేను నవ్వాను కూడా.

ఆ తర్వాత అత్తయ్య గది ఇంకా వెచ్చబడింది. రేడియో మాట్లాడటం తగ్గించేసింది. అడిగినదానికి ఊ అని, ఊహూ అని ఊరుకునేది. ఇల్లంతా అలికిడి లేకుండా పోయింది. పిల్లకు ఎవరి దిష్టో తగిలిందనుకున్నాను గానీ, నిశ్శబ్దంగా ఉన్న ఇల్లు చూసి లోపల్లోపల భయపడ్డాను.

తనిఖీ రోజు మా ఆయన మాకు గట్టిగా చెప్పి వెళ్లాడు. క్వార్టర్లన్నీ ఎప్పుడో ఖాళీ అయిపోయాయని కంపెనీ వాళ్లు ఆమెతో చెప్పి ఉన్నారు. కాబట్టి మేం బయటికి రాకూడదు. బట్టలు ఆరేయకూడదు. తలుపులు బిగించుకుని కూర్చోవాలి. "మధ్యాహ్నానికల్లా వెళ్లిపోతుంది. ఆవిణ్ని ఈ పక్కకే రానివ్వను," అన్నాడు. ఆ రోజు రేడియో తల ఎత్తలేకపోతోందని బడికి పంపలేదు. నానమ్మ పక్కలోనే ముడుచుకుని పడుకుంది.

అవతల ఏం జరిగిందో తర్వాత ఆయన చెప్పాడు. వచ్చినావిడకు యాభై ఏళ్లుంటాయట. పొట్టి మనిషి, బురద బూట్లు, తలకు ఉన్ని టోపీ. మాట తక్కువ. గుంటలో నీళ్లు సీసాల్లోకి పట్టుకుంది. దిబ్బ ఎక్కి మొక్కల మొదళ్లు వంచి చూసింది. కంచె తీగ రెండు చేతులా పట్టుకుని లాగి చూసింది. సొరంగాల నోళ్ల దగ్గర నిలబడి నడుముకు తగిలించుకున్న, గాలిని పరీక్షించే పసుప్పచ్చ పరికరం వైపు చూసుకుంది. అన్నీ అయ్యాక, "శ్రద్ధగానే చూసుకుంటున్నారు," అంది. మా ఆయనకు ఏనుగెక్కినంత సంబరం. ఇక ఆవిడ జీపెక్కడమే తరువాయి. ఎక్కబోతూ ఆగి, మెల్లగా అడిగిందట.

"ఇక్కడ ఆడవాళ్లు వెళ్లడానికి బాత్రూమ్ ఎక్కడుంది?"

పొద్దుట్నుంచి మనిషిని గుట్టలెక్కించి దించినవాడికి ఈ ఒక్క సంగతి తట్టలేదు. రాళ్లకు సున్నం గుర్తొచ్చింది గానీ, ఇది గుర్తు రాలేదు. ఆఫీసు గదిలో ఓ బల్ల, ఓ కుర్చీ తప్ప ఏమీ లేవు. టౌన్ చాలా దూరం. ఆవిడ మొహం చూస్తే ఆగేలా లేదు.

మా తలుపు చప్పుడైంది. తీస్తే మా ఆయన, ఆయన వెనక ఆవిడ.

"మేడంగారు ఒకసారి బాత్రూమ్‌కి..." అన్నాడు. మిగతాదంతా కళ్లతో చెప్పాడు. అందులో నాకు సగమే అర్థమైంది.

"ఏమనుకోకండమ్మా, చెప్పకుండా వచ్చాను," అంటూ ఆవిడ గబగబా నేను చూపించిన వైపు, వంటింటి పక్కకు వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు మొహంలో ప్రాణం కనిపించింది. గుమ్మం దాకా వచ్చిన ఆడమనిషిని ఎలా పంపేస్తాను? "కాస్త టీ తాగి వెళ్లండి," అన్నాను. మా ఆయన దగ్గాడు. మళ్లీ దగ్గాడు.

"టీ అంటే కాదనలేను. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి," అందావిడ. ఇంటిని ఓసారి చుట్టూ చూసింది. గోడకున్న క్యాలెండరూ, మూలనున్న బడి సంచీ, దండెం మీద చిన్న గౌనూ అన్నీ ఆమె కళ్లబడ్డాయి. ఖాళీ ఇల్లని చెప్పారే అని మాత్రం అడగలేదు.

లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఎవరమ్మాయ్ వచ్చింది? అక్కడ చలిలో కూర్చోబెట్టావేం? ఇటు పంపు. ఇక్కడ నేల వెచ్చగా ఉంటుంది."

నేల వెచ్చగా అన్న మాటకు ఆవిడ చటుక్కున తల తిప్పింది. లేచి గదిలోకి నడిచింది. గడప దాటీ దాటకముందే ఆమె నడుము దగ్గర ఏదో కూసింది. ఫోన్ అనుకున్నాను. మళ్లీ కూసింది. ఆపకుండా కూస్తూనే ఉంది. ఆవిడ కిందికి చూసుకుంది. కూర్చోలేదు. వంగి అరచెయ్యి నేలకు ఆనించి వెంటనే తీసేసింది.

"పెద్దమ్మగారూ, ఒక్కసారి బయటికి రండి. పాపను నేనెత్తుకుంటాను."

"నువ్వు ముందు టీ తాగవమ్మా."

"బయట తాగుదాం. రండి." గొంతు పెంచలేదు గానీ, అప్పటికే రేడియోను దుప్పటితో సహా భుజాన వేసుకుంది. నా వైపు తిరిగి, "స్టవ్ ఆపేయండి. తలుపులూ కిటికీలూ అన్నీ బార్లా తీసేసి వచ్చేయండి. లోపల నిలబడకండి," అంది.

వాకిట్లో ఎండలో పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని నన్ను ఒక్కొక్కటే అడిగింది. తలనొప్పులు ఉంటున్నాయా? వాంతులా? ఎప్పుడు ఎక్కువ? నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఏమైతే అది అయిందని అన్నీ చెప్పేశాను. అత్తయ్య తలపోటు, పిల్ల వాంతులు, పొద్దున్నే ఎక్కువై బడికి పోతే తగ్గిపోవడం, మాట పడిపోయినట్టు ఊరుకోవడం. చెబుతుంటే అవన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

ఆవిడ లేచి ఇంటి వెనక్కి నడిచింది. మేమూ వెనకే వెళ్లాం. మాడిన గడ్డి, మధ్యలో తెల్ల రాళ్లు, లోపల నున్నగా తొక్కిన మట్టి.

"ఇదేంటి?"

పూలమడి అంటే సరిపోయేది. మా ఆయన నోరు తెరిచాడు. ఆ మాటే వస్తుందని నేను అనుకున్నాను.

"బీట మేడం. ఆవిరి వస్తుంటే నేనే మూశాను."

ఆవిడ కోప్పడలేదు. "కింద బొగ్గు రగులుతోంది. అందులోంచి పుట్టే గాలి విషం, దానికి వాసన కూడా సరిగ్గా తెలీదు. ఎటో ఒకవైపు నుంచి పైకి రావాలి కదా. ఇటు దారి మూస్తే, ఇంకో దారి వెతుక్కుంటుంది," అంది. అని, తల ఎత్తి అత్తయ్య గది గోడ వైపు చూసింది.

మా ఆయన కూడా అటే చూశాడు. ఇల్లు గాలాడి, ఆవిడ గడపలో పెట్టి చూస్తే పరికరం కూయడం ఆగాక లోపలికి వెళ్లాడు. తల్లి పక్క చుట్టి భుజాన వేసుకుని, రెండో చేత్తో బడి సంచీ పట్టుకుని వచ్చాడు. తీసుకెళ్లి జీపు వెనక సీట్లో పెట్టాడు. అప్పుడు ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మేడం, గని మూసినప్పట్నుంచీ మేం ఇక్కడే ఉంటున్నాం. ఇళ్లు ఖాళీ అని మీకు చెప్పింది అబద్ధం."

"సరే," అందావిడ. "అవన్నీ తర్వాత. ముందు ఆసుపత్రికి పదండి."

ఆసుపత్రిలో అత్తయ్యకూ పిల్లకూ రక్తం తీసి చూసి, ముక్కుకూ నోటికీ మాస్కులు పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. మా ఆయన వరండాలో పిల్ల చెప్పు ఒకటి చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. రెండోది హడావిడిలో ఎక్కడో జారిపోయింది. డాక్టరు బయటికి వచ్చి, "ఇద్దరికీ ప్రమాదం లేదు. చలి ఇంకాస్త ముదిరి, ఆ గదిలో ఇలాగే తలుపులేసుకుని పడుకుని ఉంటే మాత్రం..." అని ఆగిపోయి, చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. ఆయన పూర్తి చెయ్యకపోవడమే మంచిదైంది.

నేను లోపలికి వెళ్లేసరికి రేడియో మాస్కు కిందనుంచి ఏదో గొణుగుతోంది. వంగి చెవి పెట్టాను.

"అమ్మా, ఇది తీసేస్తే మాట్లాడొచ్చా? నాకు చాలా ఉన్నాయి చెప్పేవి."

నవ్వానో ఏడ్చానో నాకు తెలీదు. పక్క మంచం మీద అత్తయ్య మాత్రం మాస్కు తొలగించుకుని మరీ, "చెప్పవే తల్లీ చెప్పు, నర్సు చూస్తే నేను చూసుకుంటాను," అంది. నర్సు చూసింది. ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి.

తిరిగి ఆ ఇంట్లో అడుగుపెట్టలేదు. టౌన్‌లో ఓ ఇంటి వెనక రెండు గదుల వాటా దొరికింది. ఇంటావిడ ముందు వాటాలో ఉండేది. గోడలు గట్టివి, నేల మంచుగడ్డ. మొదటి రోజే అత్తయ్య మంచం వేయించుకుని, మోకాళ్లకు నూనె రాయించుకుంటూ మమ్మల్ని తిట్టే పాత పాటే అందుకుంది. నేను కిమ్మనకుండా రాశాను.

ఆ వారంలోనే మేనేజరు వచ్చాడు. కుర్చీ చూపించాను. ఎదురుగా ఇంకో కుర్చీలో మా ఆయన కూర్చున్నాడు. ఆయన కూర్చునే ఉండటం మేనేజరు కూడా గమనించినట్టున్నాడు, కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"అయిందేదో అయింది. దేవుడి దయవల్ల అందరూ బాగున్నారు," అన్నాడు. "ఇప్పుడు మనం మనం ఒక మాట అనుకోవాలి. నీ కుటుంబాన్ని నాకు తెలీకుండా తెచ్చి పెట్టుకున్నావనీ, ఆ బీట సంగతి నాకు చెప్పలేదనీ అంటే చాలు. అడిగితే ఆ ఒక్క మాట చెప్పు. కొన్నాళ్లకు అందరూ మర్చిపోతారు. హెడ్డాఫీసు ఎక్కడికీ పోదు."

"టీ తాగండి సార్, చల్లారిపోతుంది."

"ఏమంటావు మరి?"

"అలా చెప్పలేను సార్."

"ఎందుకు చెప్పలేవు?"

మా ఆయన లోపలి గది వైపు చూశాడు. "మా అమ్మ పక్క గదిలోనే ఉంది సార్. వినిపిస్తుంది."

"వినిపిస్తోంది నాయనా, చక్కగా వినిపిస్తోంది!" అని లోపల్నుంచి అత్తయ్య.

మేనేజరు టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. ఆ కప్పు తీసుకెళ్లి మా ఆయనే కడిగాడు. కడిగిందే కడుగుతూ, "ఉద్యోగం ఉండదేమోనే," అన్నాడు.

"పోతే ఇంకోటి చూసుకుందాం. ఆ కప్పు ఇక చాలు, రంగు పోతుంది," అన్నాను.

ఉద్యోగం పోలేదు. ఇనస్పెక్టరు సరే అనలేదు కనక గని గొడవ కంపెనీకి తీరనూ లేదు. కింద రగులుతున్నదాన్ని ఆర్పేదాకా సైట్ వదలడానికి వీల్లేదని పై నుంచి గట్టిగా చెప్పారు. పెద్ద పెద్ద యంత్రాలు దిగాయి. నేలకు బెజ్జాలు వేసి, ఇసుకా మట్టీ నీళ్లలో కలిపి లోపలికి దించారు. క్వార్టర్లకూ గుట్టకూ మధ్య లోతుగా కందకం తవ్వారు. మేనేజరును ఇంకెక్కడికో మార్చారు. మా ఆయన్ని మాత్రం అక్కడే ఉంచారు. రోజూ పొద్దున్నే టౌన్ నుంచి బస్సులో వెళ్లి, సాయంత్రం బట్టల నిండా బూడిదతో వచ్చేవాడు. హెడ్డాఫీసు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రేడియో ఒక్కతే ఎత్తేది, లిఫ్టు కోసం. ఆయనకు భయం పోయిందని చెప్పను. ఇప్పుడు వేరే వాటికి భయపడుతున్నాడు. ఇంట్లో ఎవరు తుమ్మినా లేచొచ్చి కిటికీ తీస్తాడు.

పాత ఇల్లు కూల్చే రోజు తనూ వస్తానని అత్తయ్య పట్టుబట్టింది. వద్దంటే వినే మనిషా? కట్టిన తాడుకు ఇవతల నిలబెట్టాం. గోడలు పడ్డాక యంత్రం అత్తయ్య గదిలోని సిమెంటు నేలను పెళ్లగించింది. కింద మట్టి ఉంటుందనుకున్నాం. లేదు. నల్లటి బొరియ. గాలి తగలగానే దాని అంచులు ఎర్రబడ్డాయి. అత్తయ్య పక్క పరుచుకునే చోటికి సరిగ్గా కిందన.

పనివాళ్లు కూడా ఓ క్షణం ఆగి చూశారు. అత్తయ్య ఏమైనా అంటుందని ఎదురుచూశాను. ఆవిడ మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. పిల్ల, "నానమ్మా, నొప్పి," అనేదాకా ఆ పట్టు వదల్లేదు.

"పద అమ్మాయ్," అంది చివరికి. "మోకాళ్లు పీకుతున్నాయి, ఇంటికి పోదాం."

ఆవిడ మోకాళ్ల గురించి అంత నెమ్మదిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

చలి తగ్గుముఖం పట్టాక ఇనస్పెక్టరమ్మ సైట్ చూసి వెళ్తూ ఓ మధ్యాహ్నం మా వాటాకి వచ్చింది. సెగ చాలావరకు చల్లబడిందనీ, కందకం ఇవతలికి ఇక రాదనీ చెప్పింది. ఈసారి కూర్చుని, రెండు కప్పులు తాగింది. రేడియో ఆమె ఒళ్లో ఎక్కి ఆ పసుప్పచ్చ పరికరం ఎందుకు కూస్తుంది, కూస్తే దానికి నొప్పి పుడుతుందా, పుట్టదని ఎలా తెలుసు, అని మొదలుపెట్టింది. ఆవిడ ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పింది.

లేస్తూ మా ఆయనతో, "సైట్‌లో ఆడవాళ్లకు బాత్రూమ్ కట్టిస్తున్నారు, చూశారా? అది కూడా లోపాల్లో రాశాను," అంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ గేటు దాటేదాకా మేం నవ్వు ఆపుకున్నాం. దాటాక ఆపుకోలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఓ సెలవు రోజు. తెల్లారి ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చింది. పెరట్లో ఏదో పెద్ద గొడవ. లేచి చూడకుండానే తెలిసిపోయింది. బట్టల దండెం గురించి ఇంటావిడకూ మా అత్తయ్యకూ పడింది. ఎండ పడే వైపు మాదంటే మాదని. ఇంటావిడ గొంతు సన్నం. మా అత్తయ్య గొంతు వీధి చివరిదాకా వెళ్తుంది. నానమ్మ ఒక్కో మాట అంటుంటే వెనకనుంచి రేడియో, "అవును! అవును!" అని అందిస్తోంది.

మా ఆయన దుప్పటిలోంచి తల బయటపెట్టాడు. "వెళ్లి ఆపవేమే. ఉన్న ఒక్క వాటా కూడా పోయేలా ఉంది."

"ఆపుతాలెండి," అన్నాను. అని, దిండు సర్దుకుని మళ్లీ పడుకున్నాను. "కాసేపు అరుచుకోనివ్వండి."